ఎవరు చూసొచ్చారు?



మన ధమ్మ తరగతుల్లో కుర్రవాళ్ళు తరచుగా ఒక ప్రశ్న వేస్తారు. "బ్రహ్మ నోటి నుంచి ఒకడు, పాదాల నుంచి ఒకడు పుట్టాడని ఎవరైనా చెప్తే, ఎవరు చూసొచ్చారని అడగమంటారు మీరు. మంచిదే. మరి విశ్వం పుట్టి 1380 కోట్ల ఏళ్ళయిందని సైన్సు వాళ్ళు చెప్తున్నారు గదా, అది మాత్రం ఎవరు చూసొచ్చారు? అదెందుకు నమ్మాలి?"

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి కసురుకోవడం తప్పు. "సైన్సు చెప్పింది కాబట్టి నమ్మండి" అనడం ఇంకా పెద్ద తప్పు. అలా అంటే పురోహితుణ్ణి పీట మీంచి లేపి, అదే పీట మీద ప్రొఫెసర్ని కూర్చోబెట్టినట్టు అవుతుంది. పీట అక్కడే ఉంటుంది.

అందుకని ఒక్క విషయం తీసుకుని లోపలికి వెళ్ళి చూద్దాం. సులువైనది కాదు, అన్నిటికన్నా నమ్మశక్యం కానిదే తీసుకుందాం. తొలినాటి విశ్వంలో హైడ్రోజన్ అంతా ఒకసారి కూడుకుని, మళ్ళీ విడిపోయిందని ఖగోళ శాస్త్రజ్ఞులు చెప్తారు. దీన్నే హైడ్రోజన్ అయనీకరణం అంటారు. అప్పటికి భూమి లేదు, సూర్యుడు లేడు, చూసేందుకు ఒక్క ప్రాణి లేదు. మరి ఈ సంగతి ఎలా తెలిసింది? నేను బి.ఏ. చదివిన మనిషిని. ఫిజిక్సు లెక్కలు నాకు రావు. కానీ ఒకరు చెప్పిన మాటకు ఆధారం ఏంటని అడగడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు గదా.

ముందు అసలు కథ. హైడ్రోజన్ అన్నిటికన్నా చిన్న పరమాణువు. మధ్యలో ఒక ప్రోటాన్, దాన్ని అంటిపెట్టుకుని ఒక ఎలక్ట్రాన్. అంతే దాని సంసారం. ఆ ఎలక్ట్రాన్‌ను పెరికి విడదీయడమే అయనీకరణం. దానికి మామూలు వెలుగు చాలదు. అతినీలలోహిత కిరణాల్లో కూడా బాగా బలమైనవి, 91 నానోమీటర్ల కంటే పొట్టి అలలున్నవి తగలాలి.

విశ్వం మొదట్లో మహా వేడిగా ఉండేది. ఆ వేడికి ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసి నిలవలేక విడివిడిగా తిరిగాయి. విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగును ముందుకు పోనివ్వవు, చెదరగొడతాయి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొగమంచులో లారీ ఎంత పెద్ద లైటు వేసినా ఎదురుగా వచ్చే బండి కనపడదే, అలాంటి స్థితి అన్నమాట. విశ్వం సాగుతూ చల్లబడుతూ వచ్చింది. సుమారు 3,80,000 ఏళ్ళకు వేడి మూడు వేల డిగ్రీలకు దిగింది. అప్పుడు ప్రోటాన్లకూ ఎలక్ట్రాన్లకూ జత కుదిరి హైడ్రోజన్ పరమాణువులయ్యాయి. మంచు విడింది. అప్పటిదాకా చిక్కుకుపోయిన వెలుగుకు దారి దొరికింది. కొత్తగా వెలిగేందుకు మాత్రం ఒక్క నక్షత్రమూ లేదు. కోట్ల ఏళ్ళ చీకటి.

తర్వాత తొలి నక్షత్రాలు పుట్టాయి. వాటి అతినీలలోహిత కిరణాలు చుట్టుపక్కల హైడ్రోజన్‌ను మళ్ళీ విడదీయడం మొదలుపెట్టాయి. ఒక్కో గెలాక్సీ చుట్టూ ఒక్కో బుడగ. బుడగలు పెరిగాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. విశ్వానికి వంద కోట్ల ఏళ్ళు నిండేసరికి గెలాక్సీల మధ్య ఖాళీల్లో ఉన్న హైడ్రోజన్ దాదాపు అంతా విడిపోయింది. ఈ రోజుకీ అలాగే ఉంది. ఈసారి పాత పొగమంచు మళ్ళీ కమ్మలేదు, ఎందుకంటే అప్పటికి విశ్వం బాగా సాగిపోయి వాయువు పలచబడింది.

ఇదీ కథ. కథ వినడానికి బాగానే ఉంటుంది. పురాణం కూడా వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు మన కుర్రవాడి ప్రశ్న: ఎవరు చూశారు?

కొంత నిజంగానే చూశారు. వెలుగు ప్రయాణానికి సమయం పడుతుంది. సూర్యుడి వెలుగు మన దగ్గరకు రావడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి 25 లక్షల ఏళ్ళు పడుతుంది. ఈ రాత్రి ఆకాశంలో మనకు కనపడే ఆండ్రోమెడా 25 లక్షల ఏళ్ళనాటిది. దూరం చూడడమంటే గతం చూడడమే. ఆ 3,80,000 ఏళ్ళప్పుడు బయలుదేరిన వెలుగు ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది. 1965లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు అమెరికా రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు తమ రేడియో యాంటెన్నాలో ఎంతకీ పోని గరగర శబ్దం రూపంలో దాన్ని పట్టుకున్నారు. ముందు అది యాంటెన్నాలో గూడు కట్టిన పావురాల రెట్టల వల్ల వస్తోందేమోనని కడిగి శుభ్రం చేశారు కూడా. శబ్దం పోలేదు. పాత టీవీల్లో చానల్ రానప్పుడు కనపడే చుక్కల్లో కొంత వంతు ఆ వెలుగుదే. అంటే ఆ కుర్రవాడి అమ్మానాన్నలు దాన్ని తమ ఇంట్లోనే చూశారు. ఏం చూస్తున్నారో తెలీదంతే.

మరి ఆ మూడు వేల డిగ్రీల లెక్క? ఎంత వేడిలో పరమాణువులు విడిపోతాయి, ఎంతకు దిగితే కూడతాయి అనేదానికి దారి చూపిన సూత్రం ఒకటుంది. దాన్ని 1920లో ప్రచురించినవాడు మేఘనాథ్ సాహా. ఈయన గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

సాహా 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిన్న దుకాణదారు ఇంట్లో పుట్టాడు. కులం కింది మెట్టుది. కలకత్తాలో కాలేజీ చదువుకు వెళ్ళినప్పుడు హాస్టల్లో పై కులాల విద్యార్థులు ఆయన్ని తమతో కూర్చుని తిననివ్వలేదు. సరస్వతీ పూజ దగ్గరికి రానివ్వలేదు. చదువుల దేవత దగ్గరికి రానివ్వని ఆ కుర్రవాడే, తర్వాత పదేళ్ళలోపే, సూర్యుడిలోనూ నక్షత్రాల్లోనూ పరమాణువులు ఎంత వేడికి ఎంత మేరకు విడిపోతాయో లెక్కగట్టి ప్రపంచానికి ఇచ్చాడు. నక్షత్రాల వెలుగును చదవడానికి అది తాళంచెవి అయ్యింది. తొలినాటి విశ్వంలో హైడ్రోజన్ ఎప్పుడు కూడుకుందని ఇవాళ లెక్క మొదలుపెట్టేవాళ్ళు కూడా ముందుగా రాసుకునేది ఆయన సూత్రమే.

ఆయన తన బెంగాలీ వ్యాసంలో ఒక సంగతి రాశాడు. ఢాకాలో పేరున్న ఒక పెద్ద లాయరు, నువ్వు కనిపెట్టిందేమిటి నాయనా అని అడిగాడట. ఈయన ఉత్సాహంగా నక్షత్రాల గురించీ అయనీకరణం గురించీ చెప్పుకుపోతున్నాడు. రెండు మూడు నిమిషాలకోసారి ఆ పెద్దమనిషి, ఇందులో కొత్తేముంది, ఇదంతా వేదాల్లో ఉన్నదే అంటున్నాడట. అయనీకరణ సిద్ధాంతం వేదంలో ఏ భాగంలో ఉందండీ అని సాహా మర్యాదగానే అడిగాడు. నేను వేదం చదవలేదు, కానీ ఉందని నా గట్టి నమ్మకం అని జవాబు. సాహా అంతటితో ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి వేదాలూ ఉపనిషత్తులూ పురాణాలూ పాత జ్యోతిష గ్రంథాలూ చదివి చూశాడు. ఇప్పటి సైన్సు మూలాలు వాటిలో ఎక్కడా కనపడలేదని రాశాడు. చూశారా, చదవకుండా ఉందన్నవాడు ఒకడు, చదివి లేదన్నవాడు ఒకడు.

ఈ కథ మన సభల్లో చెప్తే చప్పట్లు కొడతారు. అక్కడే నాకో ఇబ్బంది ఉంది. దాని సంగతి ఇంకాసేపటికి.

సాహా సూత్రాన్ని తీసుకుని నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మొదట తేల్చింది ఒక ఆడపిల్ల. పేరు సిసిలియా పేన్. ఇంగ్లండు మనిషి. ఆ రోజుల్లో కేంబ్రిడ్జ్‌లో ఆడవాళ్ళు చదవొచ్చు గానీ డిగ్రీ ఇచ్చేవాళ్ళు కారు. అందుకని అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో పరిశోధన చేసింది. నక్షత్రాల్లో మిగతా అన్నిటికన్నా హైడ్రోజనే లెక్కకు మించి ఎక్కువ అని 1925లో ఆమె లెక్క తేల్చింది. అప్పటి పండితులంతా సూర్యుడిలో ఉన్నది భూమిలో ఉన్న సరుకే అనుకునేవాళ్ళు. ఆ రంగంలో తిరుగులేని పెద్ద అయిన హెన్రీ నోరిస్ రస్సెల్, ఇది అసంభవం అన్నాడు. ఆమె పాతికేళ్ళ పిల్ల. తన సిద్ధాంత గ్రంథంలోనే, ఈ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదు అని రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత, 1929లో, అదే రస్సెల్ వేరే దారిలో లెక్కగట్టి ఆమె చెప్పిందే నిజమని ప్రకటించాడు.

కాబట్టి సైంటిస్టులు మనకన్నా మంచి మనుషులని నేను చెప్పడం లేదు. వాళ్ళలోనూ పీటలున్నాయి, పెద్దలున్నారు, ఆడపిల్ల మాటను తొక్కిపెట్టడం ఉంది. కానీ తొక్కిపెట్టిన పెద్ద చేత్తోనే ఒప్పుకోలు రాయించింది ఏది? ఆమెకు హోదా రావడం కాదు. లెక్క ఎవరు వేసినా అదే జవాబు రావడం. ఈ తేడా పట్టుకోండి, మిగతా కథలో ఇదే పనికొస్తుంది.

ఇక తొలి నక్షత్రాలు హైడ్రోజన్‌ను మళ్ళీ విడదీసిన కాలాన్ని ఎలా కొలుస్తున్నారో చూద్దాం. ఒక దారి 1965లో జేమ్స్ గన్, బ్రూస్ పీటర్సన్ చూపించారు. విడిపోని హైడ్రోజన్‌కు ఒక తిండి అలవాటు ఉంది. 121.6 నానోమీటర్ల అతినీలలోహిత వెలుగు ఎదురైతే మింగేస్తుంది. బాగా దూరంలో క్వేజార్లు అనే మహా కాంతివంతమైన దీపాలు ఉన్నాయి. వాటి వెలుగు మన దాకా వచ్చే దారిలో విడిపోని హైడ్రోజన్ ఉంటే, ఆ రంగు దగ్గర వెలుగు మాయమైపోవాలి. వాళ్ళు చూసిన క్వేజార్ వెలుగులో అలా మాయం కాలేదు. అంటే దారిలో ఉన్న హైడ్రోజన్ అప్పటికే విడిపోయి ఉంది. ఇంకా దూరం, ఇంకా గతంలోకి వెతుక్కుంటూ పోయారు. 2001లో, విశ్వానికి సుమారు 90 కోట్ల ఏళ్ళ వయసప్పటి ఒక క్వేజార్ వెలుగులో ఆ భాగం పూర్తిగా నల్లగా కనపడింది. ముప్ఫై ఆరేళ్ళ ఎదురుచూపు.

అప్పుడు వాళ్ళు పండగ చేసుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ నలుపుకు పదివేల పరమాణువుల్లో ఒక్కటి విడిపోకుండా మిగిలినా చాలు. కాబట్టి నలుపు కనపడిందంటే అక్కడ హైడ్రోజన్ మొత్తం కూడుకునే ఉందని అర్థం కాదు, విడిపోవడం ఆఖరి దశలో ఉందని చెప్పొచ్చు, అంతవరకే అని తేల్చుకున్నారు. మన చేతిలో ఉన్న ఆధారం ఎంతవరకు మాట్లాడుతుందో అంతవరకే మనమూ మాట్లాడడం. పంచశీలలో అబద్ధమాడను అనే శీలం ఉందే, దాన్ని పాటించడంలో ఇది బాగా కష్టమైన భాగమని నా అభిప్రాయం. అబద్ధం చెప్పకపోవడం సులువు. తెలిసినదానికంటే ఒక్క మెట్టు పైకెక్కి చెప్పకపోవడం కష్టం.

ఇంకో దారి, ఆ టీవీ చుక్కల వెలుగే. అది మన దాకా వచ్చే దారిలో విడిపోయిన ఎలక్ట్రాన్లకు తగిలి కొంత చెదిరి ఉండాలి. ఎంత చెదిరిందో కొలిస్తే, విడిపోవడం ఎంత ముందు మొదలైందో తెలుస్తుంది. 2003లో డబ్ల్యుమ్యాప్ అనే ఉపగ్రహం కొలిచి, నూటికి సుమారు 16 వంతులు చెదిరిందని చెప్పింది. అంటే విశ్వానికి ఇరవై కోట్ల ఏళ్ళకే నక్షత్రాలు వెలిగాయన్నారు. పత్రికలన్నీ రాశాయి. మళ్ళీ కొలిచారు, తగ్గింది. ప్లాంక్ ఉపగ్రహం వచ్చాక ఇంకా తగ్గింది. 2018కి నూటికి 5 వంతుల దగ్గర ఆగింది. అంటే సుమారు 70 కోట్ల ఏళ్ళప్పటికి పని సగమైందన్నమాట. మూడో వంతుకు పడిపోయింది లెక్క! మన పాలపుంతలో ఉన్న ధూళి కూడా అలాంటి గుర్తునే వేస్తుంది, దాన్ని తీసేస్తూ పోయేకొద్దీ అంకె దిగింది.

"చూశారా, సైన్సు రోజుకో మాట మారుస్తుంది" అని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. అవును, మారుస్తుంది. ఎందుకు మార్చిందో కారణం చెప్పి, పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి మరీ మారుస్తుంది. మారని మాటలు మనకు మూడు వేల ఏళ్ళుగా ఉన్నాయి గదా. వాటి వల్ల ఎవరి వీపు విమానం మోతమోగిందో నేను చెప్పాలా?

మూడో దారి అన్నిటికన్నా కష్టమైనది. ఇందులో మనవాళ్ళూ ఉన్నారు. కూడుకుని ఉన్న హైడ్రోజన్ పరమాణువు ఎప్పుడో ఒకప్పుడు, ఒక్కో పరమాణువుకు సగటున కోటి ఏళ్ళకు ఒకసారి చొప్పున, 21 సెంటీమీటర్ల పొడవున్న సన్నని రేడియో అల వదులుతుంది. విశ్వం సాగడంతో ఆ అల కూడా సాగి సాగి, మన దగ్గరకు వచ్చేసరికి మీటర్ల పొడవవుతుంది. మన ఎఫ్.ఎం. రేడియో పాటలు వచ్చే చోటికీ, దాని పైకీ కిందికీ. దాన్ని పట్టుకుంటే ఆ కాలపు హైడ్రోజన్ గొంతును నేరుగా విన్నట్టే. కానీ మన పాలపుంత నుంచి వచ్చే రేడియో రొద దానికంటే వేల రెట్లు పెద్దది. జాతరలో డప్పులు మోగుతుంటే ఆ చివర ఉన్న చీమ నడక వినాలన్నంత పని.

పూణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 పళ్ళేలు. దాంతో ఈ గొంతు కోసం వెతికిన ఒక బృందం, గొంతు దొరకలేదు గానీ ఉంటే ఇంతకంటే పెద్దది కాదు అని 2011లో ఒక హద్దు చెప్పింది. 0.07 డిగ్రీ. అప్పటికి చాలా గొప్ప హద్దు. ఆ తర్వాత వాళ్ళే తమ పద్ధతిని తిరిగి పరీక్షించుకున్నారు. రొదను తీసేసే పనిలో అసలు గొంతును కూడా కొంత తీసేస్తున్నామని తేలింది. చేటతో చెరిగేటప్పుడు పొట్టుతో పాటు బియ్యమూ పోయినట్టు. 2013లో, మా హద్దు 0.07 కాదు, 0.248 అని వాళ్ళే మళ్ళీ ప్రచురించారు. తమ గొప్పను తామే మూడింతలకు పైగా తగ్గించుకున్నారు. వాళ్ళను ఎవరూ కోర్టుకీడ్చలేదు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన ఘట్టం. 2018 మార్చి 1న నేచర్ పత్రికలో ఒక వార్త వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో ఎడ్జెస్ అనే యాంటెన్నా, భోజనం బల్లంత ఉంటుంది, 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గుంట కనిపెట్టింది. తొలి నక్షత్రాలు వెలిగి, హైడ్రోజన్ వాటికి స్పందించిన గుర్తు అది అన్నారు. విశ్వం వయసు అప్పుడు 18 కోట్ల ఏళ్ళు. గుంట లోతు మాత్రం సిద్ధాంతం చెప్పినదానికి రెట్టింపు పైనే. ఇంకేం, ఎవరికీ అంతుపట్టని కృష్ణపదార్థం హైడ్రోజన్‌ను చల్లబరిచి ఉంటుందని ఒకరు, ఇంకోటని ఇంకొకరు, పరిశోధన పత్రాలు వరస కట్టాయి. అందరికీ కావలసిన వార్త అది. కొత్త భౌతిక శాస్త్రానికి తలుపు తెరుచుకుందని ఎవరికి అనిపించదు చెప్పండి.

అదే ఏడాది డిసెంబరులో, అదే పత్రికలో, ఆ కొలతలనే తీసుకుని మరికొందరు అభ్యంతరం రాశారు. ఆ గుంటను అలా ఒక్క తీరుగానే చదవాల్సిన పని లేదన్నారు. కొలతలు బయట పెట్టారు కాబట్టే ఆ అభ్యంతరం సాధ్యమైంది, అది మరిచిపోకండి.

బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ వాళ్ళు ఈ పనిలో అప్పటికే ఉన్నారు. సారస్ అనేది వాళ్ళ యాంటెన్నా పేరు. దాని రెండో రూపాన్ని మన అనంతపురం సీమలో, కొండల నడుమ ఉన్న టింబక్టు కలెక్టివ్ దగ్గర పెట్టి రాత్రిళ్ళు విన్నారు. బంజరును పచ్చగా చేయడానికీ, చిన్న రైతుల కోసమూ పనిచేసే ఆ సంస్థ పేరు మనలో చాలామందికి తెలుసు. తొలి నక్షత్రాల కాలంలో హైడ్రోజన్ ఏమైందో వినడానికి కూడా ఆ నేల పనికొచ్చిందని ఎంతమందికి తెలుసు? వాయువు ఆలస్యంగా వేడెక్కి, చకచకా విడిపోయిందని చెప్పే కొన్ని సిద్ధాంతాలు కుదరవని ఆ కొలతలతో తేలింది.

నేల మీద పెడితే ఒక చిక్కు. యాంటెన్నా కింద మట్టి ఉంటుంది, దాని కింద రాయి, ఎక్కడో తేమ. ఒక్కో పొర నుంచి అలలు ఒక్కోలా తిరిగొచ్చి, లేని గుంటను ఉన్నట్టు చూపించగలవు. నీళ్ళయితే అంతా ఒక్కటే పదార్థం. అందుకని సారస్ మూడో రూపాన్ని తెప్ప మీద పెట్టి నీళ్ళలో తేల్చారు. కర్ణాటకలో దండిగానహళ్ళి చెరువులో, శరావతి నది వెనుక నీళ్ళలో. ఇది 2020 మొదట్లో. రెండేళ్ళు లెక్కలు చూసి 2022 ఫిబ్రవరిలో ప్రకటించారు: ఎడ్జెస్ చెప్పిన గుంట మాకు కనపడలేదు, అది ఆకాశం నుంచి వచ్చింది కాదని 95.3 శాతం నమ్మకంతో చెప్పగలం.

95.3. దీని దగ్గర కాసేపు ఆగండి. ప్రపంచమంతా చెప్పుకున్న ఫలితాన్ని ఒక చెరువులో తెప్ప వేసి కాదన్నారు. అయినా నూటికి నూరు అనలేదు. మనకెంత సందేహం మిగిలిందో కూడా అంకె వేసి రాశారు. మన ఉద్యమాల్లో, మన సంఘాల్లో, ఎదుటివాడి తప్పు పట్టుకున్నప్పుడు మనలో ఎంతమంది ఇలా మాట్లాడతాం?

ఇప్పుడు నేను ఇందాక పక్కన పెట్టిన ఇబ్బంది దగ్గరికి వస్తాను. ఢాకా లాయరు కథకు మనం నవ్వుతాం. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరుగుతోంది? మహావిస్ఫోటం గురించి బుద్ధుడు 2500 ఏళ్ళ క్రితమే చెప్పాడని, అగ్గఞ్ఞ సుత్తంలో లోకం ముడుచుకోవడం, విప్పుకోవడం ఉందని, అదే సైంటిస్టులు ఇప్పుడు చెప్తున్నారని. పంపేవాళ్ళు ఆ సుత్తం చదివారా? ఎక్కువమంది చదవలేదు. ఉందని వాళ్ళ గట్టి నమ్మకం.

నేను చదివాను. అందులో లోకం ముడుచుకుని విప్పుకోవడం ఉన్న మాట నిజమే. తమ వెలుగుతో తామే వెలుగుతూ గాలిలో తిరిగే ప్రాణులూ ఉన్నాయి. హైడ్రోజన్ లేదు, దాన్ని ఎలా కొలవాలో లేదు. అసలు ఆ సుత్తం ఎవరితో చెప్పింది? బ్రాహ్మణ కులంలో పుట్టి సంఘంలో చేరాలనుకున్న వాసెట్ఠ, భారద్వాజులతో. మీవాళ్ళు మిమ్మల్ని ఏమని తిడుతున్నారని బుద్ధుడు వాళ్ళను అడుగుతాడు. బ్రహ్మ నోటి నుంచి పుట్టిన మేమే గొప్ప అనే మాటను అక్కడ కూలదోస్తాడు. వర్ణాలు మనుషుల మధ్య పనుల వల్ల, ఒప్పందాల వల్ల వచ్చినవని చెప్పడానికి ఆ కథ. అంత గొప్ప సంగతిని వదిలేసి, అందులోంచి అరకొర ఖగోళ శాస్త్రం పిండుకోవడం మనకే నష్టం. కులాన్ని కొట్టడానికి ఇచ్చిన గొడ్డలిని గోడకు తగిలించి దండ వేసినట్టు.

కేసపుత్తలో కాలాములకు చెప్పిన మాటలు మనం ప్రతి కరపత్రం మీదా వేసుకుంటాం. విన్నంత మాత్రాన, గ్రంథంలో ఉన్నంత మాత్రాన, గురువు చెప్పినంత మాత్రాన ఒప్పుకోవద్దు అనేదాకా అందరికీ నోటికి వచ్చు. కాలాములు అడిగింది విశ్వం గురించి కాదు, ఇంతమంది బోధకుల్లో ఎవరి మాట పట్టుకుని బతకాలని. ఆ జాబితాలో మనం గబగబా దాటేసే మాట ఇంకోటుంది. మనం ముందే అనుకున్నదానికి సరిపోతోంది కాబట్టి ఒప్పుకోవద్దు అనేది. బ్రహ్మ ముఖం కథను కాదనడానికి మనకు కష్టమేమీ లేదు, అది మనల్ని తొక్కిన కథ. మనకు ఇష్టమైన మాట వచ్చినప్పుడు ఆగి అడగాలి. ఎడ్జెస్ వార్త వచ్చినప్పుడు సైంటిస్టుల్లో కొందరు ఆగారు, కొందరు పరుగెత్తారు. ఆగినవాళ్ళు తెప్ప కట్టుకున్నారు.

ఇక్కడ ఒక ఉపాసకుడు అడ్డు తగలొచ్చు. "లోకానికి మొదలుందా లేదా అని మాలుంక్యపుత్తుడు అడిగితే బుద్ధుడు జవాబు చెప్పలేదు గదా. బాణం దిగినవాడు వైద్యుణ్ణి పిలవాలి గానీ బాణం ఏ చెట్టు కర్రతో చేశారని అడగకూడదన్నాడు. మరి ఈ హైడ్రోజన్ గొడవ మనకెందుకు? మా వాడలో మంచినీళ్ళు లేవు" అని. ఈ అభ్యంతరం నాకు గౌరవమే. నీళ్ళ కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాలుంక్యపుత్తుడు ఏమన్నాడో గుర్తు చేసుకోండి. ఆ జవాబు చెప్తేనే ధమ్మంలో ఉంటాను, లేకపోతే పోతాను అన్నాడు. బుద్ధుడు ఆ షరతును కాదన్నాడు. లోకం పుట్టుక తేలేదాకా దుఃఖ నివారణ ఆపొద్దన్నాడు. దాన్నిబట్టి తెలుసుకోవడమే పాపం అనుకుంటే మన పిల్లల్ని మళ్ళీ పూజ గది బయట నిలబెట్టినట్టే. సాహాకు అన్నం పెట్టని హాస్టలు గుర్తుంది గదా. ఆకాశం ఎవరి సొత్తు అనేది కూడా మన ప్రశ్నే. నాకు ఆ సుత్తంలో ఇంకోటి కూడా కనపడుతుంది. జవాబు చెప్పని చోట ఆయన కల్పించి చెప్పలేదు. అడిగినవాడు పోతానన్నా సరే, అల్లి చెప్పలేదు.

కాబట్టి ఆ కుర్రవాడికి నా జవాబు ఇదీ. చూసొచ్చావా అని మాత్రమే అడిగి ఆపొద్దు, అది సగం ప్రశ్న. నువ్వు చెప్పింది తప్పయితే అది ఎలా బయటపడుతుందో చెప్పు అని అడుగు. బ్రహ్మ ముఖం చెప్పినవాణ్ణి అడుగు. హైడ్రోజన్ చెప్పినవాణ్ణీ అడుగు. ధమ్మం చెప్పే నన్నూ అడుగు. హైడ్రోజన్ వాడు ఒక చెరువు చూపించి, అక్కడ తెప్ప వేసి విను, గుంట లేకపోతే నేను తప్పు అంటాడు. మొదటివాడు ఏం చూపిస్తాడో చూద్దాం.

ఈ పని ఇంకా ముగియలేదు. దక్షిణాఫ్రికా కరూ ఎడారిలో హెరా అని 14 మీటర్ల పళ్ళేలు 350, తీగలూ కర్ర స్తంభాలతో కట్టినవి, అదే 21 సెంటీమీటర్ల గొంతు కోసం పెట్టారు. హైడ్రోజన్ విడిపోతున్న కాలపు గొంతు నాకు కచ్చితంగా దొరికిందని ఎవరూ ఒప్పించలేకపోయారు. 2021 డిసెంబరు 25న ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇంకో చిక్కు తెచ్చింది. విశ్వానికి 33 కోట్ల ఏళ్ళ వయసప్పటి ఒక గెలాక్సీ నుంచి 121.6 నానోమీటర్ల వెలుగు వస్తోందని 2025లో ప్రచురించారు. హైడ్రోజన్ మింగేయాల్సిన వెలుగే అది. చుట్టూ కూడుకున్న హైడ్రోజన్ దండిగా ఉన్న కాలంలో అది బయటికి ఎలా వచ్చింది? ఆ గెలాక్సీ అప్పటికే తన చుట్టూ పెద్ద బుడగ చేసుకుని ఉండాలి. అంత తొందరగా చేసింది మహా వేడి నక్షత్రాలా, లేక నడుమ ఉన్న నల్ల బిలమా? కనిపెట్టినవాళ్ళు రెండూ రాశారు. రెంటిలో ఏది అన్నది మాత్రం ఖాళీగా వదిలారు.